జీను వేయకముందే
బెదురు గుర్రం మచ్చికయ్యే తీరు వెనక ఉన్న విజ్ఞానం

పాలమూరు పల్లెల్లో వేరుశనగ వేసిన రైతు అడవిపందులు చేలో పడకుండా గట్ల వెంట పాత చీరలు కట్టడం మామూలే. గాలి లేచి ఆ చీర టపటపమంటే దారిన పోయే ఎద్దు ఓసారి చెవి ఆడించి తన మానాన తాను పోతుంది. అదే దారిన గుర్రాన్ని నడిపిస్తే సంగతి వేరు. చీర ఇంకా దూరాన ఉండగానే దాని తల పైకి లేస్తుంది, చెవులు రెండూ అటే నిక్కుతాయి, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి. మరుక్షణం నాలుగు క్వింటాళ్ల జంతువు గజం దూరం పక్కకు దూకుతుంది. తాడు పట్టినవాడు రెండు దెబ్బలు వేసి ముందుకు లాగితే ఆ పూటకు దాటుతుందేమో గాని, మర్నాడు అక్కడ చీర లేకపోయినా ఆ మలుపు రాగానే మొరాయిస్తుంది.

గుడ్డపేలికకు అంత పెద్ద జంతువు ఎందుకు బెదరాలి? కొడితే తగ్గాల్సిన బెదురు ఎందుకు పెరగాలి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే చోట ఉంది. గుర్రానికి ఉరుకు పుట్టుకతో వస్తుంది, నిలకడ మాత్రం నేర్పితేనే వస్తుంది. ఆ నేర్పవలసింది కూడా వీపు మీద కూర్చుని కాదు, దాని పక్కన నేల మీద నిలబడి. గత 30, 40 ఏళ్లలో గుర్రాల ప్రవర్తన మీద జరిగిన పరిశోధనలు ఈ మాటకు గట్టి ఆధారాలు చూపించాయి.

గుర్రాలను కొని తెచ్చుకున్న నేల

వనపర్తి జిల్లాలోని వీపనగండ్ల ప్రాంతానికి ఈ చర్చ కొత్తదేమీ కాదు. ఎగువన భీమ వచ్చి కృష్ణలో కలుస్తుంది. కృష్ణకు, తుంగభద్రకు నడుమ గద్వాల నడిగడ్డ, దానికి పడమర రాయచూరు ఉన్నాయి. ఈ అంతర్వేది కోసం విజయనగరం, బీజాపూరు తరాల తరబడి కొట్లాడాయి. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు గెలిచాడు. ఆ యుద్ధాల్లో గెలుపోటములను తేల్చినవాటిలో అశ్వబలం ఒకటి. హొర్ముజు నుంచి ఓడల్లో వచ్చినవీ, దేశవాళీవీ కలిపి విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకు రెండు శతాబ్దాల పైచిలుకు ముందు దక్షిణాదికి వచ్చిన మార్కోపోలో, తమిళ దేశపు రాజులు వేలకొద్దీ గుర్రాలు కొంటున్నా వాటిని చూసుకోవడం తెలియక ఎక్కువ భాగం చనిపోతున్నాయని చెప్పాడు. కొనడానికి డబ్బుంటే చాలు. సముద్రం మీద వారాల తరబడి ఓడలో ఊగి, తెలియని ఎండలో, తెలియని మనుషుల నడుమ దిగిన జంతువును నిలబెట్టుకోవడానికి డబ్బు చాలదు.

ఆ విద్య తెలిసినవాళ్లకు అందుకే పెద్ద పీట ఉండేది. కాకతి గణపతిదేవుడి కొలువులో గంగయసాహిణి అశ్వదళాన్ని నడిపిన సేనాని, సీమలను ఏలిన సామంతుడు కూడా. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగు పద్యాల్లో ‘హయలక్షణవిలాసము’ అనే గ్రంథమే రాశాడు. ఇక వనపర్తి సంస్థానం సంగతి మరీ ఆసక్తికరం. వనపర్తి రాజు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ఏర్పరచుకున్న అంగరక్షక దళం తర్వాత నిజాం సైన్యంలో చేరింది. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ పేటకు ఆ ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ నుంచే పేరు వచ్చింది. బస్సెక్కి ఆ స్టాపులో దిగే వేలమందిలో దాని మూలం వనపర్తిలో ఉందని ఎరిగినవాళ్లు కొద్దిమందే. ఇప్పుడీ ప్రాంతంలో గుర్రం కంటపడేది ఎక్కువగా పెళ్లి బరాతులోనే. ఈ వ్యాసం అవసరం కూడా అక్కడే ఉంది.

ముందు ఉరుకు, తర్వాత ఆలోచన

గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. దానికి కొమ్ముల్లేవు, కోరల్లేవు. పొదలో కదిలింది గాలో పులో తేల్చుకునేదాకా నిలబడిన గుర్రాలు సంతానాన్ని మిగల్చలేదు. ముందు పరుగెత్తి, దూరం పోయాక వెనక్కి తిరిగి చూసుకున్నవే మిగిలాయి. లక్షల ఏళ్ల ఆ వడపోత ఇప్పటి గుర్రం ఒంట్లో ప్రతి అంగంలోనూ కనిపిస్తుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదుట కాస్తంత, తోక వెనక కాస్తంత మాత్రమే కనపడదు. ఆ చూపు సన్నటి వివరాల కంటే కదలికను పట్టడంలో దిట్ట. చెవులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి. మనిషికి సుమారు 20,000 హెర్ట్జ్‌ల దగ్గర ఆగిపోయే వినికిడి గుర్రానికి 33,000 దాకా ఉంటుంది. మనకు వినబడని చప్పుడుకు అది తలెత్తిందంటే అది పొగరు కాదు, మన చెవుల లోటు.

చప్పుడో కదలికో పడగానే మెదడులో బాదంగింజంత భాగం ఒకటి ముందు మేల్కొంటుంది. అడ్రినలిన్ క్షణాల్లో రక్తంలోకి దిగుతుంది. నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే గుండె వంద దాటుతుంది. కండరాలకు రక్తం పరుగెత్తుతుంది, మేత మీద ధ్యాస పోతుంది. ఇదంతా జరిగాకే ‘అది చీర’ అనే గుర్తింపు వస్తుంది. కార్టిసాల్ అనే మరో స్రావం నింపాదిగా వస్తుంది, నింపాదిగా పోతుంది. అందుకే ఒకసారి గట్టిగా బెదిరిన గుర్రం ఆ పూటంతా ప్రతి చిన్నదానికీ ఉలిక్కిపడుతూనే ఉంటుంది. ఆ స్థితిలో పాఠం చెప్పబోవడం వృథా. నేర్చుకునే మెదడుకు అప్పుడు తీరిక ఉండదు.

కొడితే ఏమవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. చీరను చూసి భయపడిన క్షణంలోనే వీపు మీద దెబ్బ పడింది. గుర్రం మెదడు ఆ రెంటినీ ఒకే మూటలో కట్టేసుకుంటుంది: చీర కనబడితే నొప్పి వస్తుంది. అంతదాకా అనుమానమే ఉండేది, దెబ్బ దాన్ని రుజువు చేసింది. ఆ నొప్పికి చోటు కూడా గుర్తుంటుంది కాబట్టే చీర లేని రోజున మలుపే భయపెడుతుంది. గ్రీకు రచయిత జెనొఫన్ క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో అశ్వవిద్య మీద రాస్తూ సరిగ్గా ఇదే చెప్పాడు. బెదిరిన గుర్రాన్ని కొట్టి ముందుకు తోస్తే భయం ఇంకా పెరుగుతుందని హెచ్చరించాడు. మెదడు శాస్త్రం పుట్టడానికి ఇరవై మూడు శతాబ్దాల ముందు ఒక రౌతు కేవలం చూపుతో పట్టిన సంగతి అది.

* కుడివైపు చూసింది ఎడమవైపు కొత్తదా? *
ఒక పక్కనుంచి చూసి అలవాటుపడిన వస్తువును చూసి గుర్రం తిరుగుదారిలో మళ్లీ బెదురుతుంది. ఒక కన్ను చూసింది రెండో కంటికి చేరదని, గుర్రం మెదడులో రెండు సగాలకూ పొత్తు లేదని చాలామంది రౌతులు అంటారు. ప్రయోగాలు దాన్ని నిలబెట్టలేదు. ఒక కంటితో నేర్చుకున్నది గుర్రం రెండో కంటితోనూ గుర్తుపడుతుంది. అసలు కారణం వేరే. అమెరికాలో పిల్లల ఆటవస్తువు ఒకదానికి గుర్రాలను అలవాటు చేసి, తర్వాత దాన్ని తిప్పి పెట్టారు. అవి కొత్త వస్తువును చూసినట్టే ఉలిక్కిపడ్డాయి. కోణం మారితే ఆకారం మారుతుంది, ఆకారం మారితే గుర్రానికి అది కొత్తదే. కాబట్టి ఏది అలవాటు చేసినా రెండు పక్కలనుంచీ, పోతూ వస్తూ చేయాలి. ఎండలోంచి చీకటి కొట్టంలోకి వెళ్లనని మొండికేసే గుర్రానిదీ కంటి కారణమే. చీకటికి సర్దుకోవడానికి దాని కంటికి మన కంటి కంటే ఎక్కువ సేపు పడుతుంది. గడపలో ఓ నిమిషం ఆగనిస్తే చాలు.

తాడు వదిలే క్షణం

నేల మీది సాధన అంటే పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. తలకు మెత్తటి తాడుకట్టు, పది పన్నెండు అడుగుల పగ్గం, రాళ్లు లేని చదునైన జాగా, తొందర లేని మనిషి ఉంటే చాలు. మనిషి గుర్రం భుజం పక్కన నిలబడాలి, పగ్గాన్ని ఏనాడూ చేతికి చుట్టుకోకూడదు. నేర్పేది నాలుగే పనులు: ముందుకు రావడం, ఆగడం, వెనక్కి జరగడం, పక్కకు ఒదగడం. ఇంత చిన్న పనులతో భయం ఎలా పోతుందన్న సందేహం సహజమే. దీని కీలకమంతా తాడు లాగడంలో లేదు, వదలడంలో ఉంది.

వెనక్కి జరగమనడాన్నే దగ్గరగా చూద్దాం. పగ్గాన్ని గుర్రం ఛాతీ వైపు మెల్లగా, ఎడతెగకుండా నొక్కి పట్టాలి. ఈగ వాలిన చోట మాత్రమే చర్మాన్ని జలదరించగల జంతువు అది, కాబట్టి రెండు వేళ్ల బలం చాలు. మొదట గుర్రం తల ఎగరేస్తుంది, తర్వాత ముందుకు తోస్తుంది. ఒత్తిడి పెంచనూ వద్దు, తీయనూ వద్దు. కొన్ని క్షణాలకు దాని బరువు ముందుకాళ్ల నుంచి వెనక్కి ఒక అంగుళం వాలుతుంది. కాలు ఇంకా లేవలేదు. అప్పుడే, ఆ అరక్షణంలోనే పగ్గం వదులు కావాలి. వదులు కావడమే గుర్రానికి జవాబు. నాలుగైదు సార్లయ్యేసరికి వేలు తగిలీ తగలకముందే అడుగు వెనక్కి పడుతుంది. రెండు క్షణాలు ఆలస్యంగా వదిలితే ఆ వేళకు గుర్రం మరేదో చేస్తూ ఉంటుంది, ఆ మరేదాన్నే నేర్చుకుంటుంది. తల ఎగరేస్తుండగా వదిలితే తల ఎగరేయడం నేర్చుకుంటుంది. బెదిరి దూకినప్పుడు తాడు జారి స్వేచ్ఛ దొరికితే దూకడమే పాఠమవుతుంది. చాలా గుర్రాల మొండితనం మనిషి చేతి ఆలస్యం నుంచే పుట్టిందని నా నమ్మకం.

ఈ పాఠానికీ నెమ్మదికీ లంకె ఇది. తనను ఇబ్బంది పెట్టేదాన్ని ఆపే మార్గం తన చేతిలోనే ఉందని గుర్రానికి తెలిసింది. ఎప్పుడు ఏం జరుగుతుందో ముందే తెలిసిన జంతువుకు, తన పని వల్ల ఫలితం మారుతుందని గ్రహించిన జంతువుకు నిత్యం కాచుకుని ఉండాల్సిన అవసరం తగ్గుతుంది. నమ్మకం అని మనం పిలిచేది గుర్రం వైపు నుంచి చూస్తే ఈ లెక్క కుదరడమే. దానికి తోడు చేతి స్పర్శ ఉంది. గుర్రాలు ఒకదానికొకటి మెడ మొదట్లో, జూలు ముగిసి వీపు మొదలయ్యే చోట పళ్లతో గోక్కుంటాయి. 1993లో ఫ్రాన్సులో కామార్గ్ గుర్రాల మీద జరిగిన పరిశోధనలో ఆ చోట గోకితే గుండె వేగం తగ్గుతుందని, వేరే చోట గోకితే అలా తగ్గలేదని తేలింది. మనవాళ్లు గుర్రాన్ని మెచ్చుకోవాలంటే మెడ మీద టపటపా చరుస్తారు. దాని బదులు ఆ మెడ మొదట్లో వేళ్లతో గోకితే మెప్పు గుర్రం భాషలో చేరుతుంది.

పాత ఎద్దు పక్కన కోడె

ఇక చీర సంగతి. అలాంటి బెదురును ఎలా పోగొట్టాలన్న ప్రశ్నకే డెన్మార్కులో 2006లో వెలువడిన ఒక ప్రయోగం జవాబు వెదికింది. రెండేళ్ల వయసున్న 27 కోడె గుర్రాలను మూడు జట్లు చేసి, కదిలే తెల్లటి నైలాను సంచికి అలవాటు చేశారు. ఒక జట్టుకు సంచిని మొదటినుంచీ పూర్తిగా చూపించారు. ఇంకో జట్టుకు సంచితో పాటు మేత పెట్టారు. మూడో జట్టుకు సంచి సంగతిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక మెట్టుకు బెదరడం మానాకే పై మెట్టుకు తీసుకెళ్లారు. ఈ మూడో జట్టు గుర్రాలు తక్కువసార్లు బెదిరాయి, అన్నీ నేర్చుకున్నాయి. మిగతా జట్లలో కొన్ని చివరిదాకా అలవాటు పడనే లేదు. మెట్లు చిన్నవి చేయడం జాప్యమనుకుంటాం, నిజానికి అదే దగ్గరి దారి.

ఆ లెక్కన చీరను మొదట మడతపెట్టి నేల మీద, గుర్రం చూసినా మేత మానని దూరంలో ఉంచాలి. అది తల దించి ఊపిరి గట్టిగా వదిలాక అక్కణ్నుంచి మళ్లించి దూరం తీసుకెళ్లాలి. భయపడి పారిపోవడానికి ముందే, నిలబడినందుకు, దూరం బహుమతిగా దక్కాలి. తర్వాత కాస్త దగ్గర, తర్వాత చీర కొస కదలిక, ఆ తర్వాత గాలి. అదే పని ఇంకో చోట, ఇంకో వేళ మళ్లీ చేయాలి. పాత భయం మెదడులోంచి చెరిగిపోదు, దాని మీద కొత్త అనుభవం పేరుకుంటుంది. ఆ కొత్తది నేర్చుకున్న చోటికే అంటుకుని ఉంటుంది కాబట్టి చోట్లు మార్చాల్సిందే.

మన రైతు కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు పక్కన పాత ఎద్దును కడతాడు. ఒంటరిగా నాగలికి కట్టే సాహసం చేయడు. గుర్రాల విషయంలోనూ ఇది నిజమేనని డెన్మార్కు పరిశోధకులే 2008లో చూపారు. భయం తెలియని తోడు పక్కనుంటే కొత్త గుర్రం గుండె తక్కువ వేగంగా కొట్టుకుంది, బెదురు తగ్గింది. ఆ తర్వాత ఒంటరిగా వదిలినా ఆ మేలు కొంత నిలిచింది.

తోడంటే గుర్రమే కానక్కర్లేదు, మనిషి కూడా తోడే. స్వీడన్‌లో 2009లో వచ్చిన పరిశోధనలో గుర్రాన్ని నడిపించేవాళ్లకూ, స్వారీ చేసేవాళ్లకూ ఒక మాట చెప్పారు: ఈసారి మీరు వెళ్లేటప్పుడు పక్కన గొడుగు ఫట్‌మని తెరుస్తాం. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగం పెరిగింది, దాంతోపాటు గుర్రానిదీ పెరిగింది. మనసులోని మాట గుర్రానికి ఎలా తెలిసిందన్న అబ్బురం అక్కర్లేదు. తాడు మీద వేళ్లు బిగిశాయి, అడుగు కురచైంది, ఊపిరి ఆగింది. గుర్రం వీటిని ఎంత సన్నగా పట్టగలదో వందేళ్ల కిందటే బెర్లిన్‌లో రుజువైంది. లెక్కలు చేస్తుందని పేరుపడ్డ హాన్స్ అనే గుర్రం గిట్టతో జవాబులు కొట్టేది. సరైన అంకె రాగానే అడిగిన మనిషి తెలియకుండానే తల వెంట్రుకవాసి ఎత్తేవాడని, గుర్రం దాన్ని చూసి ఆగేదని 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ బయటపెట్టాడు. అడిగేవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలిసేది కాదు. కాబట్టి గుర్రాన్ని నెమ్మదించే మొదటి పని పట్టినవాడు తన ఊపిరిని నిండుగా వదలడం.

యజమాని ఎవరో చూపించాలా?

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది. గుర్రాల మందలో ఒక నాయకురాలు ఉంటుందని, మనిషి ఆ స్థానం తీసుకుంటే గుర్రం లొంగుతుందని, గుండ్రటి దొడ్డిలో తరిమితరిమి చివరికి అది తల వంచి మన వెంట వస్తే అదే విధేయత అని అంటారు. వెంట రావడం నిజమే. కారణం మాత్రం అది కాదు. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మనిషి బదులు రిమోట్‌తో నడిచే బొమ్మకారును దొడ్డిలో పెట్టారు. గుర్రం కారు వైపు తిరిగితే కారు ఆగింది, ముఖం తిప్పుకుంటే కదిలింది. కొద్దిసేపట్లో గుర్రాలు బొమ్మకారు వైపు నడిచి వచ్చాయి. బొమ్మకారును ఏ గుర్రమూ మందకు నాయకురాలు అనుకోదు కదా. ఒత్తిడి ఎప్పుడు ఆగుతుందో నేర్చుకుంది, అంతే. మరో పరిశోధనలో గుండ్రటి దొడ్డిలో మనిషి వెంట నడిచిన గుర్రాలు పచ్చికబయల్లో ఆ పని చేయలేదు. పెత్తనం నిజమైతే అది దొడ్డి కంచె దగ్గర ఆగిపోయేది కాదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. బలప్రయోగంతోనూ గుర్రాలు పనిచేశాయి, సైన్యాలు నడిచాయి, ఇప్పటికీ ముళ్ల కళ్లెం వేసిన గుర్రం డప్పుల నడుమ రాయిలా నిలబడుతుంది, మరి ఇంత ఓపిక ఎందుకు? నిలబడటం నిజమే, అది నెమ్మది అనుకోవడమే పొరపాటు. ఏం చేసినా నొప్పి ఆగదని తేలిపోయిన జంతువు ప్రయత్నం మానేస్తుంది. కంటి పైన చర్మం ముడతలు పడి ఉంటుంది, రెప్ప అరుదుగా పడుతుంది, మూతి గట్టిగా బిగిసి ఉంటుంది, చెవులు ఏ చప్పుడుకూ తిరగవు. నెమ్మదిగా ఉన్న గుర్రం చెవులు ఆడిస్తూనే ఉంటుంది, మెడ వీపు మట్టానికి దిగుతుంది, కింది పెదవి వదులవుతుంది. నాలుక చప్పరించడాన్ని లొంగుబాటు గుర్తుగా చెబుతుంటారు గాని, స్వేచ్ఛగా తిరిగే గుర్రాల్లో అది బిగువు నుంచి సడలింపుకు మారే ఘడియలో కనిపించింది. అంటే కాసేపటి కిందటిదాకా అది బిగిసి ఉందన్నమాట. లొంగిపోయిన గుర్రం ప్రమాదం కూడా. భయం లోపలే ఉంటుంది, హద్దు దాటిన రోజు ఏ ముందస్తు సూచనా లేకుండా బద్దలవుతుంది. జనం నడుమ అలాంటి గుర్రం ఎదుట ఎవరి బిడ్డ నిలబడి ఉంటుందో చెప్పలేం.

సమయం లేదన్న మాటకు జవాబు డెన్మార్కు ప్రయోగమే ఇచ్చింది. రోజూ పదిహేను ఇరవై నిమిషాలు, బాగా చేసిన చోట ఆపేయడం, గంటల కుస్తీ కంటే మేలు. దీనికి హద్దులూ ఉన్నాయి. పళ్ల నొప్పి, డెక్కల పుండు, సరిపడని జీను వల్ల బెదిరే గుర్రానికి ముందు పశువైద్యుడు కావాలి. నొప్పిని ఏ సాధనా మాన్పదు. తన్నడానికి అలవాటు పడిన గుర్రం దగ్గరికి అనుభవం లేనివాళ్లు పోకపోవడమే మంచిది.

బరాతుకు గుర్రం తెచ్చేవారికి

డీజే మోత, తలకు దగ్గరగా టపాసులు, కళ్లలోకి కొట్టే లైట్లు, నాలుగు దిక్కులా చేతులు: పైన చెప్పిన భయం కారణాలన్నీ ఒక్క రాత్రి ఒక్క వీధిలో కలుస్తాయి. దాని మీద పెళ్లికొడుకు, తరచూ ముందు ఒక చంటివాడు. వనపర్తిలోనైనా, గద్వాలలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా గుర్రం మాట్లాడుకునేటప్పుడు బేరం ఒక్కటే చూడకండి. ముందురోజు వెళ్లి నాలుగు సంగతులు చూడండి. గుర్రం నోట్లో ముళ్ల కళ్లెం ఉందా? మూతి మూలల్లో పుండ్లున్నాయా? తాడు వదులుగా ఉన్నా అది మనిషి పక్కన నిలబడుతోందా? మీ చెయ్యి మెడ మొదట్లో పెడితే మెడ దించుతోందా, బిగుసుకుంటోందా? ముళ్లున్న కళ్లేలను 1965 నాటి కేంద్ర నిబంధనలు నిషేధించాయి, జంతువులను హింసించడం 1960 చట్టం కింద నేరం. అలాంటి గుర్రాన్ని వద్దనండి. తెచ్చిన గుర్రానికి చాలా ముందు, దూరంగా డీజేను నడవనివ్వండి, టపాసులు ఆపండి, పిల్లల్ని దాని వెనక నిలబడనివ్వకండి.